తల్లికి సాయము, బిడ్డకు ఆయువు

కాన్పు ఆడుదానికి మరుజన్మమని మన పెద్దలందురు. పురిటిగది వాకిట వేపరెమ్మలు కట్టి, మంత్రసానిని పిలిపించి, ఇంటిల్లిపాదియు వేల్పులకు మ్రొక్కుకొనుచు గూర్చుండుట మన అమ్మమ్మల కాలమున ప్రతి గృహమునందును జరిగినదే. తల్లి దక్కినచో భాగ్యము; బిడ్డయు దక్కినచో మఱింత భాగ్యము. దక్కకున్నచో "ఋణము తీరినది" అని కన్నులు తుడుచుకొనుటయే గాని, ఆ బిడ్డ యేల దక్కలేదని యడిగినవారు లేరు. ఆ ప్రశ్న నడిగిన యొక యూరి వృత్తాంతమును, అందువలన గలిగిన మేలును, అందలి కొఱతను గూడ మీకు నివేదింపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఆ యూరు మనదేశములోనిది కాదు. ఇంగ్లండులోని యార్కుషైరు సీమలో హడర్సుఫీల్డు అను పట్టణము గలదు. ఉన్నిబట్టలు నేయు మిల్లులకు అది ప్రసిద్ధి. ఇరువదవ శతాబ్దారంభమున అచటి జనసంఖ్య సుమారు 95 వేలు. పొగగొట్టములు, రాతియిండ్లు, కొండవాలున సన్నని వీధులు, తెల్లవాఱకమునుపే మిల్లునకు బోవు కూలిజనము - ఇదియే ఆ పట్టణము.

ధనిక దేశమున శిశుమరణములు

సీమదేశమున అందఱును ఆరోగ్యవంతులని మనలో గొందఱు తలంతురు. ఆనాటి లెక్కలను జూచినచో అట్లు తలంపరు. ఇంగ్లండు, వేల్సు దేశములలో 1899 వ సంవత్సరమున బుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 163 మంది యేడాది నిండకమునుపే మరణించిరి. అనగా ఆఱుగురిలో నొకరు. అప్పటికే ఆ దేశమున మంచినీటి కొళాయిలు వచ్చినవి, మురుగుకాలువలు వచ్చినవి, పెద్దవారి మరణములు తగ్గుచున్నవి. చంటిబిడ్డల మరణములు మాత్రము తగ్గలేదు.

ఏటేట వేసవిలో ఈ శిశువులకు విరేచనములు పట్టుకొనెడివి. నాలుగైదు దినములలో బిడ్డ వాడిపోయి కన్ను మూసెడిది. 1911 లో మండువేసవి వచ్చినప్పుడు ఈ జాడ్యము మఱల విజృంభించెను. అంతకుముందటి యేట వేయింటికి 105 గా నున్న మరణములు ఆ యొక్క యేట 130 కి పెరిగెను. వేసవి చల్లగానుండిన 1912 లో అవి 95 కు దిగెను. ఎండకును బిడ్డప్రాణమునకును గల సంబంధమేమని వైద్యులు విచారింపగా, దోషము పాలలోనున్నదని తేలినది.

చనుబాలు ద్రావు బిడ్డలకు ఈ జబ్బు అరుదు. పోతపాలు ద్రావు బిడ్డలకే ఎక్కువ. పల్లెనుండి పట్టణమునకు మూతలేని పాత్రలలో వచ్చు పాలు దారిలోనే చెడెడివి. వీధులనిండ గుఱ్ఱపుబండ్లు, గుఱ్ఱపులద్దెపై ఈగలు, ఆ యీగలే పాలపైని వ్రాలెడివి. తాజాపాలు కొనలేని పేదలు వెన్న తీసిన డబ్బాపాలను, చక్కెర కలిపి చిక్కగా కాచినవానిని, నీళ్లలో గలిపి పట్టెడివారు. అందు బలమిచ్చు పదార్థము మిక్కిలి తక్కువ. అన్నిటికంటె హానికరమైనది పొడుగుపాటి రబ్బరుగొట్టము గల పాలసీసా. దానిని బిడ్డప్రక్కన బెట్టి గొట్టము నోటికందించినచో తల్లి తనపని తాను చేసికొనవచ్చును. సౌకర్యమే గాని, ఆ గొట్టము లోపలిభాగమును శుభ్రము చేయుట యెవరి తరమును గాదు. పాచిపట్టిన ఆ గొట్టమే పలువురు బిడ్డలకు మృత్యుముఖమైనది.

ఈ సంగతి ముందుగా గుర్తించి పని ప్రారంభించినవారు ఫ్రెంచివారు. పారిసునగరమున బ్యూడెన్ అను వైద్యుడు 1892 లో తన యాసుపత్రిలో బుట్టిన బిడ్డలను తల్లులు వారమువారము తెచ్చి తూకము వేయించుకొనిపోవు నేర్పాటు చేసెను. 1894 లో డ్యూఫూర్ అను వైద్యుడు ఫెకాంపు పట్టణమున శుద్ధి చేసిన పాలనిచ్చు కేంద్రమును నెలకొల్పెను. దానికి "పాలచుక్క" యని అర్థమిచ్చు ముద్దుపేరు. దానిని జూచి 1899 లో ఇంగ్లండులోని సెయింటు హెలెన్సు పురపాలక సంఘము అట్టి పాలకేంద్రమును స్థాపించెను.

అయినను, ఇంగ్లీషు దొరతనమువారి కన్నులు తెఱిపించినది బిడ్డలపై జాలి మాత్రమే కాదు. 1899 మొదలు 1902 వఱకు దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము జరిగెను. సైన్యమున జేరవచ్చిన యువకులలో ననేకులు దేహదార్ఢ్యము లేనివారని త్రోసివేయబడిరి. దేశమునకు సైనికులు కొఱవడుదురేమో యను చింతతో 1903 లో విచారణ సంఘము నియమింపబడెను. తల్లుల కన్నీరు చేయలేని పనిని సైన్యాధిపతుల చింత చేసినది! కారణమేదైనను మేలు జరిగినది గాన మనము సంతసింపవచ్చును.

ఒక పౌను వాగ్దానము

1904 నవంబరులో బెంజమిన్ బ్రాడ్‌బెంటు అను నాయన హడర్సుఫీల్డు పురపాలక సంఘమునకు మేయరయ్యెను. ఆయన లాంగ్‌వుడ్ అను పేటలో తన పదవికాలపు తొలియేట బుట్టిన ప్రతి శిశువునకును ఒక వాగ్దానపత్రము వ్రాసియిచ్చెను. బిడ్డ సజీవముగా నుండి పండ్రెండు నెలలు నిండినచో, తల్లికి ఒక పౌను నిత్తునని దాని సారాంశము. ఆనాడు సామాన్య కూలివాని వారము జీతము ఇంచుమించుగా ఒక పౌనే. కనుక ఆ బహుమానము చిన్నది కాదు.

ఆ యేట ఆ పేటలో 112 మంది శిశువులు ఈ యేర్పాటున జేరిరి. సంవత్సరము తిరుగునప్పటికి వారిలో 107 మంది బ్రతికియుండిరి. అయిదుగురు మాత్రమే పోయిరి. అనగా వేయింటికి 45 లెక్కన మరణములు. 1905 లో దేశమంతటను ఆ సంఖ్య వేయింటికి 128.

ఈ కథ విన్నవారు "డబ్బునకు లోకము దాసోహము గదా! పౌను వచ్చునన్న యాశతో తల్లులు బిడ్డలను జాగ్రత్తగా పెంచిరి" అని యనుకొనవచ్చును. అక్కలారా, ఈ మాట న్యాయము కాదు. డబ్బిచ్చిననే గాని తల్లి బిడ్డను ప్రేమింపదా? కడుపుతీపి కొనుగోలు వస్తువా? బ్రాడ్‌బెంటుగారి యుద్దేశమును అది కాదు. ఊరివారి దృష్టిని బిడ్డల వైపునకు ద్రిప్పుటకు ఆ పౌను ఒక సాధనము. నిజముగా ఫలమిచ్చినది ఆ పౌను వెనుక నున్న యేర్పాటు.

ఆ యేర్పాటు ఏమన - బిడ్డ పుట్టిన వార్త ముందుగా పురపాలక సంఘమునకు జేరవలెను. అంతకుముందు జననములను రిజిస్టరు చేయించుటకు చట్టమున ఆఱు వారముల గడువుండెడిది. చావనున్న బిడ్డ ఆ ఆఱువారములలోనే చచ్చును గదా! లెక్క వ్రాసికొనునప్పటికి సాయము చేయుటకు బిడ్డయే యుండదు. కనుక బిడ్డ పుట్టిన రెండు దినములలో ఆ వార్తను మొదట తెలిపినవారికి ఒక షిల్లింగు నిత్తుమని హడర్సుఫీల్డు ఆరోగ్యాధికారియగు మూరు వైద్యుడు ప్రకటించెను. వార్త యందగానే పురపాలక సంఘమువారు నియమించిన స్త్రీవైద్యులలో నొకరు ఆ యింటికి బోయెడివారు. తరువాత ఆ పేటకు జెందిన గృహిణులే, జీతము లేకయే, అప్పుడప్పుడు బోయి తల్లిబిడ్డల క్షేమమరసెడివారు. బిడ్డకు నలతగానున్నచో వెంటనే వైద్యురాలికి కబురు పంపెడివారు.

చనుబాలు మానవలదు, పొడుగు గొట్టము సీసాను పారవేయుము, పాలు కాచి మూతపెట్టుము, బిడ్డను గట్టిగా చుట్టి గాలియాడకుండ జేయకుము - ఇవియే వారి హితబోధలు. మందుల నిచ్చుట వారి పని కాదు. వైద్యము చేయువారి పొట్టగొట్టుదురని డాక్టరులలో గొందఱు తొలుత గొణిగిరి. జబ్బు చేసిన బిడ్డ వైద్యునికి; జబ్బు చేయకుండ జూచుట మాకు - అని వీరు తమ హద్దును నిర్ణయించుకొనిరి.

1906 లో ఆ పట్టణమునకు ప్రత్యేకముగా నొక శాసనము చేయబడి, జననవార్తను రెండు దినములలో దెలుపుట విధియయ్యెను. మఱునటి యేటనే, 1907 లో, దేశమంతటికి వర్తించునట్టి జనన ప్రకటన శాసనము పుట్టెను. దాని ప్రకారము 36 గంటలలో వార్త నందజేయవలెను. అయితే ఇష్టమున్న పురములే దానిని స్వీకరింపవచ్చును. 1915 లో అది అన్నియూళ్లకును విధిగా జేయబడినది. ఒక పేటలోని ముచ్చట పదియేండ్లలో దేశధర్మమైనది.

బోధయా? భోజనమా?

ఇచట నొక ముఖ్యవిషయమును ఆలోచింపవలెను. బిడ్డలు చచ్చుట తల్లుల అజ్ఞానమువలననే యని ఆ కాలపు పెద్దలు పలువురు తలంచెడివారు. కనుక తల్లులకు బోధించినచో జాలునని వారి యభిప్రాయము. మేడలలో బుట్టిపెరిగిన దొరసాని వచ్చి, ఒక్కగదిలో ఆఱుగురితో గాపురము చేయు ఇల్లాలికి "పాలను చల్లనిచోట నుంచుము, బిడ్డకు వేఱుపడక యేర్పఱపుము" అని చెప్పినచో ఆ యిల్లాలికి ఎట్లుండును? చల్లనిచోటెక్కడ? వేఱుపడక యెక్కడ?

లండనునగరమున స్త్రీలసంఘమొకటి ఈ విషయమును పరీక్షింపబూనెను. లాంబెతు పేటలో కూలివారి యిండ్లను 1909 మొదలు కొన్నియేండ్లు వారు వారమువారము దర్శించి, గర్భిణులకును బాలింతలకును బలవర్ధకమగు నాహారమునకై వారమునకు అయిదు షిల్లింగుల విలువగల సాయము నొసగుచు, ప్రతియింటి జమాఖర్చును వ్రాయించిరి. ఆ ఫలితములను మాడ్ పెంబర్ రీవ్సుగారు 1913 లో గ్రంథముగా బ్రకటించిరి. వారమునకు ఒక పౌను వచ్చు ఇంటిలో అద్దె, బొగ్గు, దహనఖర్చుల చందా పోగా తిండికి మిగులునది బహుస్వల్పము. అందు పెద్దభాగము సంపాదించు మగనికి, తరువాత పిల్లలకు, తల్లికి రొట్టెముక్క, తేనీరు. ఈ తల్లులు అజ్ఞానులు కారు, సోమరులు కారు. వారికి లేనిది డబ్బని ఆ లెక్కలే చెప్పినవి.

సోదరీమణులారా! ఈ వరుస మనకు క్రొత్తగా దోచుచున్నదా? అందఱును దినిన తరువాత అడుగంటిన గిన్నెతో గూర్చుండు ఇల్లాలు మన యిండ్లలో లేదా?

1907 లో లండనులోని సెయింటు పాన్‌క్రాసు పేటలో ప్రారంభమైన తల్లుల పాఠశాల ఈ రెండు మార్గములను గలిపినది. అచట బిడ్డలను తూచెడివారు, కుట్టుపని, వంటపని నేర్పెడివారు. దానితోబాటు చూలాండ్రకును పాలిచ్చు తల్లులకును చౌకధరకు వేడిభోజనము పెట్టెడివారు. బిడ్డకు సీసాపాలు కొనిచ్చుటకంటె తల్లికి అన్నము పెట్టుట మేలని వారి మతము. తల్లి తిన్నచో బిడ్డ త్రాగును గదా!

శ్రామికస్త్రీల సహకారసంఘమువారు 1915 లో 160 ఉత్తరములతో నొక పుస్తకమును వెలువరించిరి. అవి యన్నియు గర్భధారణమును, ప్రసవమును గూర్చి కూలియింటి తల్లులు స్వయముగా వ్రాసినవి. నొప్పులు వచ్చువఱకును బట్టలుతికినవారు, పురుటి ఖర్చునకై తాము పస్తుండి కూడబెట్టినవారు, మూడవనాడే మంచము దిగి పనికి బోయి జీవితాంతము బాధపడినవారు తమ కష్టములను అందు వెల్లడించిరి. సిగ్గుపడి దాచుకొన్న బాధ అచ్చులో గనబడగా దేశము ఉలికిపడినది.

ఈ సంఘమే మఱియొక ఘనకార్యమును సాధించినది. 1911 నాటి బీమా శాసనము వలన కాన్పునకు 30 షిల్లింగుల సాయము లభించునట్లయ్యెను. ఆ సొమ్ము ఎవరిది? బీమా మగనిపేర నున్నది గాన మగనికే చెల్లునని మొదట ఏర్పాటు. అది మద్యశాలకు బోవుటయు గలదు. స్త్రీలు పట్టువిడువక పోరాడగా, ఆ సొమ్ము తల్లిదేయని 1913 లో శాసనము సవరింపబడెను. తరువాత 1918 నాటి మాతాశిశు సంరక్షణ శాసనమున ప్రతి స్థానిక సంఘమును అందులకై యొక ఉపసంఘము నేర్పఱపవలెననియు, అందు ఇద్దఱకు తక్కువ గాకుండ స్త్రీలుండవలెననియు విధింపబడినది.

బిడ్డ దక్కెను, తల్లి?

ఈ శ్రమకు ఫలము దక్కినది. 1899 లో వేయింటికి 163 గా నుండిన శిశుమరణములు 1930 నాటికి 60 కి దిగెను. ఇందు హెల్తువిజిటర్ల కృషితోబాటు మంచిపాలు, శుభ్రమైన వీధులు, చిన్నకుటుంబములు, కొంచెము పెరిగిన కూలియు గలవు. ఏది యెంత చేసినదని విడదీయుట కష్టము.

కాని ఒక లెక్క మాత్రము కదలలేదు. ప్రసవసమయమున తల్లులు చనిపోవుట 1900 నాడెట్లో 1935 దాపునను అట్లే యుండెను. వేయి కాన్పులకు నలుగురైదుగురు తల్లులు! బిడ్డలను తూచుటకు త్రాసులు వచ్చినవి. తల్లి ప్రాణమును తూచినవారు లేరు. 1902 శాసనమువలన శిక్షణ లేని మంత్రసానులను క్రమముగా తొలగించిరి. అయినను బాలింతజ్వరము తగ్గలేదు. ఈ జ్వరము మంత్రసానుల వలననే కాక, చేతులు చక్కగా గడుగుకొనక, అక్కఱలేని చోటను పనిముట్లు వాడు వైద్యుల వలనను వ్యాపించెడిది. చేతులు కడుగుకొనుడని 1847 లోనే వియన్నాలో సెమ్మెల్‌వైసు వైద్యుడు మొఱవెట్టియుండెను. తెలిసిన సత్యము ఆచరణమునకు వచ్చుటకు ఎన్ని తల్లుల ప్రాణములు పోయినవో!

1935 లో జర్మనీనుండి ప్రాంటోసిలు అను ఎఱ్ఱనిమందు వెలువడెను. మఱునటి యేట లండనులోని క్వీను చార్లెట్సు ఆసుపత్రిలో కోల్‌బ్రూకు వైద్యుడు దానిని బాలింతజ్వరమునకు వాడి యాశ్చర్యకరమగు ఫలమును జూపెను. అదే 1936 లో జీతముగల మంత్రసానులను ఏర్పాటు చేయు బాధ్యతను శాసనము స్థానిక సంఘములపై నుంచెను. ఆనాటినుండియే తల్లుల మరణములు దిగజొచ్చెను. హితబోధ బిడ్డను గొంతవఱకు రక్షింపగలదు. తల్లిని రక్షించుటకు నేర్పుగల చేయి, శుభ్రమైన చేయి, సమయమునకు మందు కావలెను.

మన సంగతి

మనదేశమున ఈ పని ఆలస్యముగను, కొంచెము కొంచెముగను సాగినది. స్త్రీలకు వైద్యసహాయ మందించుటకై 1885 లో డఫరిన్ నిధియు, మంత్రసానులకు శిక్షణ నిచ్చుటకై 1903 లో విక్టోరియా స్మారక నిధియు ఏర్పడెను. మన గుంటూరునకు 1883 లోనే వచ్చిన అన్నా కూగ్లరు అను అమెరికను వైద్యురాలు అచట స్త్రీలకొఱకు ఆసుపత్రిని నెలకొల్పి, 1930 లో తాను మరణించువఱకు మన తెలుగు తల్లులను సేవించెను. చెన్నరాజధానిలో నర్సులను, మంత్రసానులను గూర్చిన శాసనము 1926 లో వచ్చినది. అయినను పల్లెలకు ఇవి యందినది బహుతక్కువ. ఏటేట ఇంచుమించు రెండు లక్షలమంది తల్లులు ప్రసవకారణమున మరణించుచున్నారని 1946 లో భోరు సంఘమువారు అంచనా వేసిరి.

నేటి స్థితి అది కాదని సంతోషముతో జెప్పవచ్చును. 2018-20 నాటి ప్రభుత్వపు లెక్కలనుబట్టి లక్ష కాన్పులకు తల్లుల మరణములు దేశమంతటను 97, ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43. ఇంగ్లండులో 1930 ప్రాంతమున ఇదే లెక్క లక్షకు నాలుగైదువందలు. హడర్సుఫీల్డు గృహిణులు చేసినపనినే మన యూళ్లలో ఆశా కార్యకర్తలు చేయుచున్నారు. ఆసుపత్రిలో బుట్టిన బిడ్డనైనను ఆఱువారములలో ఆఱుమాఱులు ఇంటికి వచ్చి చూడవలెనని 2011 నుండి వారికి విధి. 2017 లో తెలంగాణ ప్రభుత్వము సర్కారు ఆసుపత్రిలో కాన్పునకు 12 వేలును, ఆడశిశువైనచో 13 వేలును ఇచ్చు పథకమును ప్రారంభించినప్పుడు బ్రాడ్‌బెంటుగారి పౌను నాకు జ్ఞప్తికి వచ్చినది.

అయినను పథకములు గడపవఱకే వచ్చును. గడపలోపల పని మనది. మన యిండ్లలో ఇంకను దిద్దుకొనవలసినవి గలవు. ముఱ్ఱుపాలు చెడ్డవని పిండి పారబోయు నాచారము పూర్తిగా పోవలెను. అవి బిడ్డకు తొలిరక్ష. ఆఱునెలలు నిండువఱకు బిడ్డకు చనుబాలే చాలును. తేనె, పంచదారనీళ్లు, ఆముదపు ఉగ్గు వలదు. పథ్యము పేరిట బాలింతను కారప్పొడి మెతుకులతో నెండబెట్టరాదు. ఆమెకు పప్పు, ఆకుకూరలు, పాలు, గ్రుడ్లు, పండ్లు కావలెను. జ్వరము వచ్చినను, రక్తము విరివిగా బోయినను, ఫిట్లు వచ్చినను, తలనొప్పితో కన్నులు మసకలైనను "బాలింతలకు ఇవి మామూలే" అని యూరకుండరాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి గొనిపోవలెను. ఆశా కార్యకర్త గుమ్మము తట్టినప్పుడు "మా కన్నియు దెలియును" అని పంపివేయక, కూర్చుండబెట్టి మాట్లాడుడు. ఆమెయు నొక తల్లియే.

కోడలికి పురుడు పోసిన యింట మొదట అడుగు ప్రశ్న "బిడ్డ యెవరు?" అని. ఆ యడుగు నోటితోనే ఇకమీద "తల్లి యెట్లున్నది? ఏమి తిన్నది? నిద్రపోయినదా?" అని యడుగుద మమ్మా. హడర్సుఫీల్డువారు బిడ్డనుగూర్చి యడుగ నేర్చినప్పుడు బిడ్డలు దక్కిరి. తల్లినిగూర్చి యడుగ నేర్చిన యింట తల్లియు దక్కును.